ఉత్తర ఫల్గుణి పక్కన వంగిన వెలుగు

అనంతపురం

చిరంజీవులు చందు, వెన్నెలకు అవ్వ ఆశీస్సులు.

వెన్నెలా, నువ్వు పంపిన ఫొటో చూశాను. మధ్యలో తెల్లగా మెరిసే గెలాక్సీల గుంపు, దాని చుట్టూ సాగదీసినట్టున్న నారింజ రంగు గీతలు. "ఇది ఎడిటింగా అవ్వా?" అని అడిగావు. కాదు తల్లీ. జేమ్స్ వెబ్ అనే అంతరిక్ష టెలిస్కోపు తీసిన మొదటి ఫొటోల్లో ఒకటది, 2022 జులైలో విడుదల చేశారు. ఆ గీతలు ఒక్కొక్కటీ ఆ గుంపుకు ఎంతో వెనకాల ఉన్న గెలాక్సీ. వాటి వెలుగు నిజంగానే దారిలో వంగి వచ్చింది. ఫోన్లో చెబితే సగంలో ఆగిపోతుందని తీరిగ్గా రాస్తున్నాను.

వెలుగుకు బరువే లేదు కదా, గురుత్వాకర్షణ దాన్నెలా లాగుతుంది అని చందు అడుగుతాడు, నాకు తెలుసు. దీనికి జవాబు ఐన్‌స్టీన్ 1915లో చెప్పాడు. ద్రవ్యరాశి ఉన్నచోట దాని చుట్టూ స్థలమూ కాలమూ వంగుతాయి. వెలుగు తనకు దొరికిన అతి నేరైన దారిలోనే పోతుంది. స్థలమే వంగినప్పుడు ఆ నేరు దారి దూరం నుంచి చూసే మనకు వంకరగా తేలుతుంది. సూర్యుడి అంచును రాసుకుంటూ వచ్చే నక్షత్రపు వెలుగు 1.75 ఆర్క్ సెకన్లు వంగాలని ఆయన లెక్క కట్టాడు. ఒక డిగ్రీని 3600 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక ఆర్క్ సెకను. న్యూటన్ సూత్రాలతో వేస్తే అందులో సగమే వస్తుంది. కాబట్టి కొలిచి చూస్తే ఎవరి లెక్క నిలుస్తుందో తేలిపోతుంది.

పగలు నక్షత్రాలు కనపడాలంటే సంపూర్ణ గ్రహణం రావాలి. 1919 మే 29న వచ్చింది. తేదీ చూశారా, రోహిణి కార్తె! రోళ్లు పగిలే ఎండలంటాం కదా, ఆ రోజుల్లో సూర్యుడు రోహిణి నక్షత్రం వైపు ఉంటాడు, కార్తెకు ఆ పేరు అందుకే. రోహిణి ఉన్నవైపే హయడీస్ అనే నక్షత్రాల గుంపు ఉంది. గ్రహణం నాడు సూర్యుడి చుట్టుపక్కల కొలవడానికి కావలసినన్ని నక్షత్రాలు దొరికాయంటే అందుకే. ఎడింగ్టన్ అనే ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపీ దీవిలో, మరో బృందం బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లో ఫొటోలు తీశారు. వాటిని కొలిచి చూస్తే ఐన్‌స్టీన్ లెక్కే నిలిచింది.

సూర్యుడి వల్ల వచ్చే వంపు అంత చిన్నది. వందల గెలాక్సీల గుంపు అడ్డమొస్తే సంగతి వేరు. ఇది మీకు చేతిలో పెట్టి చూపించే దారి ఒకటుంది. ఐస్‌క్రీమ్ వేసే కాలున్న గాజు గ్లాసు తెలుసు కదా. అలాంటిది ఒకటి పగిలితే దాని అడుగు భాగం దాచిపెట్టాను, కాడ విరిగినచోట గరుకు కాగితంతో నున్నగా రుద్ది. (మీరు మాత్రం పగిలిన గాజు ముట్టుకోవద్దు, నాది తీసుకోండి.) తెల్ల కాగితం మీద పెసరగింజంత నల్ల చుక్క పెట్టి, ఆ గాజును కాస్త పైకెత్తి పట్టుకుని చూడండి. చుక్క సరిగ్గా మధ్యకొస్తే ఉంగరమైపోతుంది. కొంచెం పక్కకు జరిపితే ఉంగరం తెగి రెండు వంపు గీతలవుతుంది. భూతద్దం ఇలా చెయ్యదు. దాంట్లో అంచుకు పోయేకొద్దీ వెలుగు ఎక్కువ వంగుతుంది. ఈ గాజు కాడ దగ్గర నిటారుగా లేచి అంచున పల్చబడుతుంది కాబట్టి మధ్యకు దగ్గరైతేనే ఎక్కువ వంపు. గురుత్వాకర్షణ చేసేదీ ఇదే.

ఒక తేడా ఉంది. గాజు రంగుల్ని విడదీస్తుంది, గురుత్వాకర్షణ అన్ని రంగుల్నీ ఒకేలా వంచుతుంది. 1979లో ఆకాశంలో పక్కపక్కనే, 6 ఆర్క్ సెకన్ల ఎడంలో, రెండు క్వేజార్లు కనపడ్డాయి. క్వేజారంటే ఎంతో దూరాన ఉన్న గెలాక్సీ నడుమ విపరీతంగా వెలిగే చోటు. రెంటి వెలుగునూ రంగుల పట్టీగా విడదీసి చూస్తే అచ్చంగా ఒక్కటే. ఉన్నది ఒకటే క్వేజారు, మధ్యలో గెలాక్సీ అడ్డుండి రెండుగా చూపిస్తోంది. గెలాక్సీలు ఇలా కటకాలుగా పనిచేస్తాయని జ్విక్కీ అనే శాస్త్రవేత్త 1937లోనే రాశాడు. ఇంకో విశేషం: ఆ రెండు బొమ్మల్లో ఒకదాంట్లో వచ్చిన మార్పు రెండోదాంట్లో సుమారు 14 నెలల తర్వాత వస్తుంది. ఒకటి దగ్గరి దారి, ఇంకొకటి చుట్టు దారి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. 2014 నవంబరులో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు ఫొటోల్లో ఒకే నక్షత్రపు పేలుడు నాలుగు చుక్కలుగా కనిపించింది. ఆ వెలుగు బయల్దేరి 930 కోట్ల ఏళ్లయింది. ఇలాంటి పేలుడు దొరికితే విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో కొలవచ్చని నార్వే శాస్త్రవేత్త రెఫ్స్‌డాల్ 1964లోనే చెప్పాడు. ఆయన పోయాక దొరికిన ఈ పేలుడుకు ఆయన పేరే పెట్టారు. అడ్డమున్న గెలాక్సీల గుంపు వల్ల ఆ పేలుడు జరిగిన గెలాక్సీ మరో చోట కూడా కనిపిస్తుంది. ఆ దారి పొడవు కాబట్టి అక్కడ పేలుడు ఇంకా రాలేదు. వస్తుంది, రాబోయే ఏడాది రెండేళ్లలో, ఫలానా చోట అని కొన్ని బృందాలు విడివిడిగా లెక్కలు కట్టి ముందే ప్రచురించాయి. 2015 డిసెంబరు 11న హబుల్ ఆ చోటు చూసింది. వచ్చింది! ఒక నక్షత్రం చనిపోవడాన్ని ఫలానా కాలానికి ఫలానా చోట చూస్తామని ముందే చెప్పి చూడటం మనిషికి అదే మొదటిసారి.

ఆ గుంపు ఎక్కడుందో మనూరి నుంచి చూపించడం తేలిక. ఏప్రిల్ చివర్లో రాత్రి తొమ్మిదిన్నరకు మిద్దెక్కి నిలబడితే సింహరాశి తోక చివరి నక్షత్రం, మన ఉత్తర ఫల్గుణి, దాదాపు నడినెత్తిన ఉంటుంది. దానికి ఉత్తరంగా, చేయి చాచి పట్టుకున్న పిడికిలంత దూరం కూడా పోకముందే ఆ చోటు వస్తుంది. కంటికేమీ కనపడదు. అయినా చోటు తెలిసి చూడటం వేరు.

చందూ, ఇదంతా దేనికి పనికొస్తుందంటావేమో. గీత ఎంత వంగిందో కొలిస్తే అడ్డమున్న గుంపులో ఎంత ద్రవ్యరాశి ఉందో తెలుస్తుంది. అలా లెక్కేస్తే నక్షత్రాలూ వేడి వాయువూ కలిపినా సరిపోదు, ఎనభై శాతం పైన వెలుగే ఇవ్వని పదార్థం. డార్క్ మ్యాటర్ అంటున్నారు. అదేమిటో ఇంకా తేలలేదు. ఎక్కడెక్కడ ఎంతుందో మాత్రం ఈ వంపులే చెబుతున్నాయి.

ఇవన్నీ దొరికేశాయని అనుకోకండి. ఎన్‌జీసీ 6505 అనే గెలాక్సీ 1884 నుంచి తెలిసిందే. దాని నడుమ చుట్టూ నిండు ఉంగరం ఉందని యూక్లిడ్ టెలిస్కోపు ఫొటోలు చూశాక 2025లో ప్రకటించారు. యూక్లిడ్ ఫొటోల్లో ఇలాంటివి వెతకడానికి కంప్యూటర్లు ముందు జల్లెడ పడతాయి, ఆ తర్వాత మనుషులు చూడాలి. దానికోసం జూనివర్స్ సైట్‌లో స్పేస్ వార్ప్స్ పేరుతో మామూలు జనాన్నే పిలిచారు. అలా వడకట్టగా 2025 మార్చి నాటికి ఇలాంటివే కావచ్చనిపించేవి 500 దాకా తేలాయి. ఆ సైట్‌లో ఇప్పుడు ఏ పని నడుస్తోందో మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. కొన్ని గెలాక్సీలకు సుడిలా తిరిగే చేతులుంటాయి, వాటిని చూసి వంపు గీతలనుకోవడం మొదట్లో అందరికీ మామూలే. అనుమానం వస్తే ఫొటో నాకు పంపండి, కలిసి చూద్దాం.

మీ
అవ్వ