ఒక్క నిమిషానికి ఒక రేక్

"రైళ్ల టైమ్‌టేబుల్ వేయడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఎందుకండీ? దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చేస్తుంది కదా!" అని ఒక పాఠకుడు అడిగారు. భాగహారమే, నిజమే. కానీ ఆ భాగహారంలో అసలు కథంతా శేషంలో ఉంటుంది. కాగితం, పెన్సిలు తీసుకోండి, చూపిస్తాను.

ఒక లైను, రెండు చివరలా రెండు స్టేషన్లు. గంటకో రైలు నడపాలి. ఈ చివర నుంచి ఆ చివరకు 100 నిమిషాలు పడుతుంది. చేరిన రేక్, అంటే ఒక రైలుగా నడిచే బోగీల సెట్టు, మళ్లీ వెనక్కి బయలుదేరాలంటే కనీసం 20 నిమిషాలు కావాలి. జనం దిగాలి, బోగీలు ఊడవాలి, లోకో పైలట్ ముందు క్యాబ్ దిగి రైలు పొడవునా నడిచి వెనక క్యాబ్ ఎక్కాలి, బ్రేకులు పరీక్షించాలి. రానూపోనూ 200, రెండు చివరలా కలిపి 40, మొత్తం 240 నిమిషాలు. 60తో భాగిస్తే సరిగ్గా 4. నాలుగు రేకులుంటే ఆ లైను రోజంతా నడుస్తుంది.

ఇప్పుడు టైమ్‌టేబుల్ వేసేవాళ్లకు ఒక మంచి ఆలోచన వచ్చింది. రైళ్లు తరచూ కాస్త కాస్త ఆలస్యమవుతున్నాయి, ఒక్క నిమిషం అదనంగా ఇస్తే సర్దుకుంటాయి కదా అని 100ని 101 చేశారు. రానూపోనూ 202, ఆగేవి 40, వెరసి 242. దీన్ని 60తో భాగిస్తే నాలుగు పోను రెండు నిమిషాలు మిగిలాయి. ఆ రెండు నిమిషాల కోసం అయిదో రేక్ కొనాలి! రేక్‌లో ముప్పయ్యోవంతు ఎక్కడా దొరకదు.

అంతటితో అయిపోలేదు. అయిదు రేకులంటే ఒక రేక్ వెళ్లి తిరిగొచ్చి మళ్లీ బయలుదేరే చక్రం 300 నిమిషాలకు పెరిగింది. అవసరమైనవి 242. మిగిలిన 58 నిమిషాలూ రేక్ ఎక్కడో ఒకచోట ఊరకే నిలబడాలి. రెండు చివరలా సమానంగా పంచితే ఒక్కోచోట 49 నిమిషాలు ఆగుతుంది, పరవాలేదు. అలా కాక మొత్తం ఒకే చివర ఆపితే అక్కడ 78 నిమిషాలు ఉంటుంది. గంట తిరిగేసరికి వెనక రైలు వచ్చేస్తుంది కాబట్టి 18 నిమిషాలపాటు రెండు రేకులు ఒకేచోట ఉంటాయి. అంటే రెండో ప్లాట్‌ఫాం కావాలి. ఒక్క నిమిషం కలిపితే రేక్ అడిగింది, రేక్ ప్లాట్‌ఫాం అడిగింది.

చాలాకాలం రైల్వేల్లో ఈ పనులు వేర్వేరు గదుల్లో, ఒకదాని తర్వాత ఒకటిగా జరిగాయి. ముందు ఒకరు టైమ్‌టేబుల్ వేస్తారు. అది చేతికొచ్చాక ఇంకొకరు రేక్ లింకులు వేస్తారు, అంటే ఏ రేక్ ఏ రైలుగా వెళ్లి ఏ రైలుగా తిరిగి రావాలో రాస్తారు. ఆ తర్వాత సిబ్బంది డ్యూటీలు వేసేవాళ్ల వంతు. ట్రాక్ మరమ్మతులవాళ్లు తమకు ఫలానా సెక్షన్‌లో రాత్రి మూడు గంటలు బ్లాక్ కావాలని, అంటే అప్పుడు రైళ్లు నడపకూడదని అడుగుతారు. ప్రతి ఒక్కరూ తమ గదిలో తమ పని శ్రద్ధగానే చేస్తారు. కానీ 101 అని రాసిన మనిషికి అయిదో రేక్ కనబడదు. అది కనబడే మనిషికి టైమ్‌టేబుల్ మార్చే అధికారం ఉండదు. సమగ్ర ప్రణాళికా సాఫ్ట్‌వేర్ ముందుగా చేసేది ఈ గదుల మధ్య గోడలు తీసేయడం. ట్రాక్, సిగ్నళ్లు, రైళ్లు, రేకులు, మనుషులు అందరి వివరాలూ ఒకేచోట ఉంటాయి. ఒకచోట 101 అని రాస్తే ఇంకోచోట రేకుల సంఖ్య అప్పటికప్పుడే మారి కనిపిస్తుంది.

ఇక నాకు ఎంతో ఇష్టమైన భాగానికి వస్తాను. కంట్రోల్ ఆఫీసు చార్టు చూశారా? అడ్డంగా కాలం, నిలువుగా స్టేషన్లు, ఏటవాలు గీతలుగా రైళ్లు. గీత నిటారుగా ఉంటే రైలు వేగంగా వెళ్తున్నట్టు. అడ్డంగా సాగితే ఆగి ఉన్నట్టు. ఎదురెదురు గీతలు కలిసేచోట సింగిల్ లైను ఉంటే అక్కడ స్టేషనో, ఒక రైలు పక్కకు తప్పుకునే లూప్ లైనో ఉండి తీరాలి. ప్రతి గంటా అవే రైళ్లు నడిచేచోట ఈ చార్టును ఒక గంట మేరకు కత్తిరించి, సున్నా నిమిషం అంచునూ 60వ నిమిషం అంచునూ అతికించండి. కాగితం గొట్టమైపోతుంది. గీతలన్నీ గొట్టం చుట్టూ మరలా చుట్టుకుంటాయి. గంటకో రైలు నడిచే వ్యవస్థలో ప్రతి ప్రశ్నా ఈ గొట్టం మీది ప్రశ్నే.

గొట్టం మీద ఒక చిన్న లెక్క. రెండు జంక్షన్లు. మొదటి రైలు మొదటి జంక్షన్ నుంచి రెండోదానికి 34 నిమిషాల్లో వస్తుంది. అక్కడ దిగినవాళ్లు 3 నుంచి 8 నిమిషాల్లోపు రెండో రైలు అందుకోవాలి. ఆ రైలు వేరే దారిలో 21 నిమిషాల్లో మళ్లీ మొదటి జంక్షన్‌కు వస్తుంది. అక్కడ కూడా దిగినవాళ్లకు, 3 నుంచి 8 నిమిషాల్లోపు, తర్వాతి గంటలో వెళ్లే మొదటి రైలు దొరకాలి. ఎంత న్యాయమైన కోరికలు! కూడి చూడండి. పరుగు 55 నిమిషాలు, మారడానికి తక్కువలో తక్కువ 6, ఎక్కువలో ఎక్కువ 16. మొత్తం 61 నుంచి 71 మధ్య ఉండాలి. కానీ బయలుదేరిన చోటికే తిరిగొచ్చాం కాబట్టి గొట్టం మీద ఆ మొత్తం 60 కావాలి, లేదా 120 కావాలి. 61కీ 71కీ మధ్య అలాంటి సంఖ్య లేదు. ఎంత అనుభవజ్ఞుడు కూర్చున్నా ఈ టైమ్‌టేబుల్ వేయలేడు, ఎందుకంటే అలాంటిది లేదు. 34ను 33 చేయండి, చక్రం 60కి టక్కున మూసుకుంటుంది.

సాఫ్ట్‌వేర్ నొక్కితే జవాబు ఇచ్చే మంత్రపెట్టె అన్న నమ్మకం చాలామందిలో ఉంది. నా దృష్టిలో దాని గొప్పతనం "కుదరదు, ఇదిగో ఈ నాలుగు కోరికలే ఒకదానికొకటి అడ్డు" అని వేలుపెట్టి చూపించడంలో ఉంది. వేల కోరికల మధ్య మూసుకోని ఆ ఒక్క చక్రాన్ని మనిషి కళ్లతో పట్టుకోవడం చాలా కష్టం.

ఈ గొట్టపు లెక్కకు 1989లో సెరాఫినీ, ఉకోవిచ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గణితరూపం ఇచ్చారు. ప్రతి రాకకూ పోకకూ 0 నుంచి 59 వరకు ఒక నిమిషం కేటాయించాలి. జతజతకూ మధ్య తేడా, 60తో భాగించగా వచ్చే శేషం లెక్కన, ఇచ్చిన హద్దుల్లో ఉండాలి. చెప్పడానికి ఇంతే. సాధించడానికి మాత్రం ఇది ఎన్‌పీ-కంప్లీట్ జాతి సమస్య, అంటే ఎంత పెద్ద లెక్కకైనా వేగంగా జవాబిచ్చే పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. శేషాల లెక్కలు బడిలో మనందరం చేశాం. వాటిని గడియారం ముందు, రైలు చార్టు ముందు పెట్టి చెప్పి ఉంటే ఎంతమంది పిల్లలు గణితాన్ని ప్రేమించేవారో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

నెదర్లాండ్స్ రైల్వే ఈ పద్ధతితో తన టైమ్‌టేబుల్ మొత్తాన్ని మొదటి నుంచి వేసుకుంది. అంతకుముందున్నది 1970 నాటిది. దానికే అతుకులు వేస్తూ వచ్చారు, ఇక వేయలేని స్థితి వచ్చింది. 2006 డిసెంబరులో రోజుకు సుమారు 5,500 రైళ్లతో కొత్తది అమల్లోకి వచ్చింది. టైమ్‌టేబుల్‌తో పాటు రేకులకూ సిబ్బందికీ కూడా గణిత పద్ధతులు వాడారు. ఆ పనికి 2008లో, గణితాన్ని నిర్వహణలో వాడినందుకు ఇచ్చే ఎడెల్మన్ బహుమతి దక్కింది.

సిబ్బంది దగ్గర లెక్క రూపం మారుతుంది. ఒక లోకో పైలట్ డ్యూటీ అంటే తన డిపోలో మొదలై అదే డిపోలో ముగిసే పనుల గొలుసు. మధ్యలో భోజనానికి విరామం, పని గంటలకు హద్దు. ఇలాంటి గొలుసులు కోట్లలో ఉంటాయి, అన్నీ రాసి పెట్టుకోలేం. అందుకని కొన్నింటితో మొదలుపెడతారు. వాటితో లెక్క చేస్తే ప్రతి పనికీ ఒక నీడ ధర తేలుతుంది, అంటే ఆ పనిని పూర్తి చేయడానికి ప్రస్తుతం ఎంత ఖర్చవుతోందో చెప్పే అంకె. ఇప్పుడు ఆ ధరల మొత్తం కంటే తక్కువ ఖర్చుతో అవే పనులను కలిపే కొత్త గొలుసు ఉందా అని వెతుకుతారు. దొరికితే చేర్చి మళ్లీ లెక్క చేస్తారు, ధరలు మారతాయి, మళ్లీ వెతుకుతారు. దొరకనప్పుడు ఆగుతారు. కోట్ల గొలుసుల్లో కొన్ని వేలను మాత్రమే తాకి అన్నింటి గురించీ తీర్పు చెప్పగలగడం ఈ పద్ధతిలోని అందం.

కానీ లెక్కలో పెట్టని కోరిక కూడా ఉంటుంది. అదే నెదర్లాండ్స్‌లో ఆలస్యాలు ఒక లైను నుంచి ఇంకో లైనుకు పాకకుండా, సిబ్బందిని కొద్ది లైన్లకే కట్టిపడేసే పథకం వేశారు. కాగితం మీద అది గట్టి పథకమే. సిబ్బంది దానికి "చర్చి చుట్టూ ప్రదక్షిణ" అని పేరు పెట్టి 2001లో సమ్మెలు చేశారు. రోజూ అదే దారిలో అటూ ఇటూ తిరగడం మనిషికి విసుగు. తర్వాత తీపీ పులుపూ అందరూ పంచుకోవాలన్న నియమాలు వచ్చాయి, మంచి రూట్లూ కష్టమైన రూట్లూ అన్ని డిపోలకూ న్యాయంగా రావాలని. ఆ న్యాయాన్ని కూడా హద్దులుగా రాసి సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చారు. నాకు ఇది చాలా నచ్చిన సంగతి. మనిషి విసుగును కూడా ఒక అసమీకరణంగా రాయవచ్చు, అయితే ముందు ఆ మనిషి చెప్పాలి, రాసేవాడు వినాలి.

చక్రం మూసుకోవడం కోసం ట్రాకే వేసినవాళ్లు స్విట్జర్లాండ్‌వాళ్లు. అక్కడ 1982 నుంచి దేశమంతా గంట లెక్కన రైళ్లు నడుస్తున్నాయి. గంటకో రైలున్న లైనులో ఎదురెదురు రైళ్లు ప్రతి అరగంటకూ కలుసుకుంటాయి. అందుకని పెద్ద జంక్షన్లలో రైళ్లన్నీ గంట కొట్టడానికి కాస్త ముందు చేరి, జనం మారాక, కాస్త తర్వాత బయలుదేరేలా అమర్చాలంటే జంక్షన్ల మధ్య ప్రయాణం అరగంటకో గంటకో కొద్దిగా తక్కువ ఉండాలి. జూరిక్ నుంచి బెర్న్‌కు గంట దాటేది. ముందు టైమ్‌టేబుల్ నిర్ణయించుకుని, దానికోసం సుమారు 45 కిలోమీటర్ల కొత్త లైను వేశారు. 2004 డిసెంబరులో అది తెరిచాక ప్రయాణం 56 నిమిషాలైంది. 50కి తేవడానికి వాళ్లు ఉబలాటపడలేదు. తెచ్చినా ఆ ఆరు నిమిషాలూ ప్రయాణికుడు బెర్న్ ప్లాట్‌ఫాం మీద తర్వాతి రైలు కోసం నిలబడి గడిపేవాడు.