నాయనమ్మ ఏం పని చేసేదంటే

ప్రియమైన పిల్లలకు,

అత్తమ్మ ఆశీస్సులు. నాయనమ్మ దినాలు అయిపోయి ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లాక అల్మారా సర్దుతుంటే, బ్యాంకు కోసం చిన్నోడు నింపిన ఫారం కనబడింది. నాయనమ్మ వృత్తి అన్న చోట ‘గృహిణి’ అని రాశాడు. వాణ్ని ఏమనడానికి లేదు. మీకు తెలిసిన నాయనమ్మ మంచం మీద కూర్చుని సీరియల్‌లో అత్తను తిట్టే ముసలామె. మీకు ఊహ తెలిసేసరికి ఆమె పని మానేసింది. అంతకుముందు మాత్రం, పెళ్లికి ముందు నుంచీ బీడీ కార్మికురాలు.

మన కోరుట్ల, మెట్‌పల్లి నుంచి అటు ఆర్మూరు, కామారెడ్డి దాకా ఏ వాడకు పోయినా ఆడవాళ్ల ఒళ్లో చాట ఉండేది. పెళ్లిచూపుల్లో ‘పిల్ల బీడీలు చేస్తదా?’ అని అడిగేవాళ్లు. నాయనమ్మనూ అడిగారట. ‘దినాం వెయ్యి చేస్తది’ అని వాళ్ల నాయన చెప్పాడు. అప్పటికి తనకు ఏడెనిమిది వందలకు మించి వచ్చేవి కావని, పెళ్లి ఆగిపోతుందేమోనని తనకే టెన్షన్ పట్టుకుందని నవ్వుతూ చెప్పేది.

వెయ్యి అంటే ఏమిటో మీకు చెప్పాలి. రాత్రే తునికాకు నీళ్లలో తడిపి, తడి గోనెసంచిలో చుట్టిపెట్టాలి. ఎండిన ఆకు చుడితే పగులుతుంది, మరీ తడిస్తే బీడీకి బూజు పడుతుంది. పొద్దున రేకు ముక్క కొలతగా పెట్టి, ఈనె అడ్డం రాకుండా కత్తెరతో కత్తిరించాలి. ముక్కలో చిటికెడు తంబాకు, అంటే పొగాకు పొడి పరిచి, ఒక మూల నుంచి బిగుతుగా చుట్టి, వెడల్పు వైపు మూతి గోటితో లోపలికి మడిచి, సన్న వైపు దారం కట్టాలి. ఇదంతా మనం ఊపిరి తీసి వదిలేంతలో అయిపోయేది. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలైతే వెయ్యి. చేతులు చాటలో, కళ్లు పొయ్యి మీది అన్నంలో, నోరు మా మీద. నేను ఎక్కాలు నేర్చుకున్నది ఆ కట్టలు లెక్కపెట్టే. తప్పు చెబితే కత్తెర పిడితో వేళ్ల మీద ఒకటి పడేది. మా అమ్మ శాంతమూర్తి అని దినాలప్పుడు ఎవరో అంటే నాకు నవ్వొచ్చింది.

సాయంత్రం గంప ఎత్తుకుని కార్ఖానాకు. అసలు కష్టం అక్కడ. గుమాస్తా ఒక్కో కట్ట పట్టిచూసి, లూజుగా ఉందనో, పొట్టిగా ఉందనో పక్కన పడేసేవాడు. తీసేసిన వాటికి కూలి లేదు, కానీ ఆకు లెక్క, తంబాకు లెక్క మాత్రం ఆమె మీదే. ఇచ్చిన ఆకులో సగం చిల్లులుంటే తక్కువ పడ్డ ఆకు బయట సొంత డబ్బుతో కొనాలి. ఒకసారి ఆమె ఆ చిల్లుల ఆకుల కట్ట తీసుకెళ్లి బల్ల మీద పరిచి, ‘ఈ ఆకుతోని బీడీ నువ్వే చేసి సూపెట్టు’ అంది. వారం రోజులు పని ఇవ్వలేదు. ఆ వారం మేం గంజితోనే గడిపాం, అయినా ఆమె పోయి బతిమాలలేదు. వాళ్లే కబురు పంపారు.

‘ఇంట్లో కూర్చుని చేసుకునే పనే కదా’ అని చాలామంది అనేవాళ్లు. చట్టం అలా అనలేదు పిల్లలూ. 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చింది. యజమానో, టేకేదారో (కాంట్రాక్టరు) ఇచ్చిన ఆకు, తంబాకుతో ఇంట్లో బీడీలు చేసే మనిషి కూడా కార్మికురాలేనని అందులో ఉంది. 1976లో సంక్షేమ నిధి చట్టం, ఆ మరుసటి ఏడు పీఎఫ్ వచ్చాయి. చట్టం వచ్చినంత మాత్రాన కార్మికుల గుర్తింపు కార్డు చేతికి రాదు, దాని కోసం ఈమె సంఘపోళ్లతో కలిసి ఎన్నిసార్లు ధర్నాలో కూర్చుందో. నా చదువుకు స్కాలర్‌షిప్ వచ్చింది ఆ సంక్షేమ నిధి నుంచే. నేను టీచరునయ్యానంటే అందులో ఆ కార్డు వాటా ఉంది.

మన ఇల్లు తాత దుబాయ్ పైసలతో కట్టిందని ఊళ్లో అంటారు, మీరూ అదే విని ఉంటారు. పైకప్పు వరకు నిజమే. కానీ తాత వీసాకు తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టింది, ఆయన జీతం అందని నెలల్లో పొయ్యి వెలిగించింది బీడీలే. ఈ మాట ఆయన ముందు అంటే ఒప్పుకునేవాడు, అదీ ఆయన మంచితనం.

ఇక బీడీ మంచిదా అంటారేమో. కాదు. ఇంట్లో ఎవరైనా బీడీ ముట్టిస్తే చీపురు తీసేది. తంబాకు ఘాటుకు వచ్చిన దగ్గు ఆమెను చివరిదాకా వదల్లేదు, కూర్చుని కూర్చుని నడుం వంగిపోయింది. బీడీ కట్టల మీద భయపెట్టే బొమ్మలు పెద్దవి చేయాలన్నప్పుడు పని దినాలు తగ్గుతాయని కార్మికులంతా భయపడ్డారు. అప్పుడు ఈమె అన్నది నాకు గుర్తుంది: ‘కాల్చకుంటె మంచిదే. మరి మాకు ఇంకో పని ఎవడిస్తడు?’ దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది.

తెలంగాణ వచ్చాక 2015లో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలైంది, 2019లో 2,016 అయింది. పండక్కి మీ చేతుల్లో పెట్టిన నోట్లు అవే. మగపిల్లలకు వంద ఎక్కువ ఇచ్చేదని నాకు తెలుసు. ఎన్నోసార్లు పోట్లాడాను, మారలేదు.

ఫారంలో వృత్తి కొట్టేసి ‘బీడీ కార్మికురాలు (విశ్రాంత)’ అని రాశాను. చిన్నోడు సంతకం పక్కన ఇంకో పొట్టి సంతకం పెట్టాలి, శనివారం రమ్మనండి. ఇంకొకటి. ఫ్రేమ్ కట్టించడానికి మీరు పంపిన ఫోటోలో స్టూడియోవాడు పట్టుచీర అతికించి, ముఖం తెల్లగా చేశాడు. నా దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని, ఫోటో తీసేవాడి మీద విసుక్కుంటున్న ఫోటో ఒకటి ఉంది. నా ఓటు దానికే. మీ నాన్నలను అడిగి ఆదివారం లోపు ఫోన్ చేయండి, షాపతను అడ్వాన్స్ తీసుకుని కూర్చున్నాడు.

ఇట్లు,
మీ అత్తమ్మ