విదేశాల్లో వాలంటీర్ పని, సొంత రచన: అపోహలు - వాస్తవాలు

వాలంటీర్‌గా విదేశానికి వెళ్లేవాళ్లకు ప్రయాణానికి ముందు శిక్షణ ఇవ్వడం నా పని. ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరు ముగ్గురు పక్కకు పిలిచి అడుగుతారు: "అక్కడ సాయంత్రాలు ఖాళీయే కదండీ, తిరిగొచ్చేలోపు పుస్తకం పూర్తవుతుందంటారా?"

అపోహ: అక్కడ బోలెడంత టైమ్ దొరుకుతుంది.

వాస్తవం: దొరకదు. అమెరికా ప్రభుత్వం వాలంటీర్లను విదేశాలకు పంపే సంస్థ పీస్ కోర్‌లో మామూలుగా ఉండేది 27 నెలలు. మొదటి మూడు నెలలు శిక్షణకే సరిపోతాయి. ఆ తర్వాత సాయంత్రమైతే పక్కింటివాళ్లు పిలుస్తారు, వెళ్లాలి. ఊరికి మీమీద నమ్మకం కుదిరేది ఆ కబుర్లలోనే. పగలంతా రిపోర్టులు రాసి వచ్చాక రాత్రి కథ రాయబుద్ధి కాదు. అది బద్ధకం కాదు, అలసట. ఈ మాట మళ్లీ మళ్లీ చెప్తాను. పనికీ న్యాయం చేయలేదు, రాతకీ చేయలేదు అని కుమిలిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

అక్కడ ఉన్నప్పుడు పుస్తకం సంగతి వదిలేయండి, నోట్సు రాసుకోండి. పడుకునే ముందు పావుగంట చాలు. వాక్యాలు కుదరకపోయినా పర్లేదు. నేను వాలంటీర్‌గా వెళ్లినప్పుడు తీరికైన ఆదివారం కోసం చూస్తూ మొదటి ఆరు నెలలు ఒక్క అక్షరం రాయలేదు. తర్వాత గుర్తు చేసుకుంటే "జనం చాలా మంచివాళ్లు" లాంటి మాటలే మిగిలాయి. ఏడో నెలలో ఒక రాత్రి టార్చ్ వెలుగులో ఇలా రాసుకున్నాను: "వాన. రిజిస్టర్ అంచులు తడిశాయి. పాప బరువు 6.2. నర్సు అంకె పైకి చెప్పలేదు. చార్టులో గీత కింద పెన్సిల్‌తో చుక్క పెట్టింది. తల్లి ఆ చుక్కనే చూస్తూ ఉండిపోయింది." ఏళ్ల తర్వాత అందులోంచే ఒక కథ వచ్చింది. ఆ ఆరు నెలల్లో అలాంటివి ఎన్ని పోగొట్టుకున్నానో అని ఇప్పటికీ బాధే.

అమెరికన్ రచయిత పీటర్ హెస్లర్ 1996 నుంచి 1998 వరకు చైనాలోని ఫూలింగ్‌లో పీస్ కోర్ తరఫున పాఠాలు చెప్పారు. ఆ రోజుల మీద ఆయన పుస్తకం వచ్చింది 2001లో, అంటే అక్కడి పని ముగిసిన మూడేళ్లకు.

అపోహ: ఖాళీ టైమ్‌లో రాసుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు.

వాస్తవం: మీ ఒప్పందం చదవండి. ప్రచురించే ముందు తమకు చెప్పాలని అడిగే సంస్థలున్నాయి. డబ్బు తీసుకుని రాస్తే వీసాకే చిక్కు రావచ్చు. రోగుల పేర్లు, పిల్లల ఫొటోలు అసలే వద్దు. "ఎవరో పెట్టారట, ఏమీ కాలేదట" అనే వాట్సాప్ కబుర్లు దయచేసి నా దగ్గరికి తేకండి.

అపోహ: రాస్తున్నానంటే పని మీద శ్రద్ధ లేదనుకుంటారు.

వాస్తవం: దాచిపెడితేనే అలా అనుకుంటారు. మొదటి నెలలోనే సూపర్‌వైజర్‌కి చెప్పేయండి.

ఈమధ్య ఒకమ్మాయి ఫోన్ చేసింది. వెళ్లి రెండు నెలలైంది, ఏమీ రాయలేదని ఏడుపు గొంతు. ఇవాళ ఏం జరిగిందమ్మా అని అడిగాను. బడి తాళంచెవి కనిపించక, పిల్లలంతా మెట్ల మీదే కూర్చుని లెక్కలు చేశారట. పది నిమిషాలు ఆపకుండా చెప్పింది. "ఇప్పుడు చెప్పావే, అది రాసి పడుకో" అన్నాను.