కింద నుంచి వచ్చే చలి

మూడేళ్ళ కిందట డిసెంబరులో వంజంగి మేఘాలు చూద్దామని పాడేరు వైపు వెళ్ళి, కొండ కింద అద్దె టెంటులో పడుకున్నాం. ఇంటి నుంచి తెచ్చుకున్న రగ్గులు మనిషికి రెండు. రెండూ మీదే కప్పుకున్నాం. కింద టెంటువాళ్ళు ఇచ్చిన పల్చటి షీటు. అర్ధరాత్రి దాటేసరికి ఛాతీ మీద వెచ్చగానే ఉంది, నడుమూ భుజాలూ మాత్రం మంచుగడ్డకి ఆనించినట్టున్నాయి. మా బావ లేచి, కప్పుకున్న వాటిలో ఒకటి తీసి నాలుగు మడతలు పెట్టి కిందేసుకున్నాడు. "ఉన్నది తీసేస్తే ఇంకా చలెయ్యదా బావా?" అన్నాను. "నువ్వు పడుకో ముందు" అన్నాడు. తెల్లారేదాకా గురక పెట్టింది తనొక్కడే. ఆ మడత రగ్గు పనిని ఇంకా బాగా చేసే సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ మ్యాట్ గురించే ఈ కబుర్లు. అంటే టెంటులో కిందేసుకునే, దానంతట అదే గాలి పీల్చుకుని ఉబ్బే పరుపు.

చలి కింద నుంచి వచ్చిందంటాం గానీ, నిజానికి వచ్చేదేమీ లేదు. పోయేదే ఉంది. నిద్రలో ఉన్న మనిషి ఒళ్ళు సుమారు 70, 80 వాట్ల వేడి పుట్టిస్తుంది, పాతకాలపు ఫిలమెంటు బల్బు లాగా. ఆ వేడి చల్లటి నేలలోకి జారిపోతూ ఉంటుంది. వేసవి మధ్యాహ్నం చాప కూడా లేకుండా కడప బండల మీద వాలితే ప్రాణం లేచొచ్చేది ఇందుకే. అప్పుడు హాయి అనిపించిన పనే డిసెంబరు రాత్రి కొండ మీద శిక్ష అవుతుంది.

మరి మీద రెండు రగ్గులున్నా కింద ఎందుకు ఆగలేదు? రగ్గులో వేడిని ఆపేది ఉన్ని కాదు, ఉన్ని పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. నిశ్చలంగా ఉన్న గాలి నీటితో పోలిస్తే ఇరవయ్యో వంతు కన్నా తక్కువ వేడిని మోస్తుంది. తడి మట్టితో పోలిస్తే ఇంకా తక్కువ. పైన ఉన్న రగ్గు పొంగి ఉంటుంది కాబట్టి పని చేస్తుంది. ఒంటి కిందకి పోయిన భాగం బరువుకి అణిగి, గాలి కక్కేసి, ఉత్త గుడ్డ అయిపోతుంది. వేలు పోసి కొన్న స్లీపింగ్ బ్యాగ్‌కైనా అంతే. పైభాగం వెచ్చన, వీపు కింద భాగం దండగ. బావ మడతలు పెట్టాడు కాబట్టి ఎంత అణిగినా కొంత మందం మిగిలింది.

మన రైతులకి ఇది కొత్త కాదు. కళ్ళంలో ధాన్యానికి కాపలా పడుకునేవాళ్ళు ముందు వరిగడ్డి దట్టంగా పరిచి, దాని మీద గోనెపట్టా వేసేవాళ్ళు. గడ్డి పరక బోలుగా ఉంటుంది, పరకల మధ్య గాలి ఉంటుంది. బూరుగు దూది పరుపు ఏళ్ళ తరబడి వాడితే ఉండలు కట్టి అణిగిపోతుంది. అప్పుడు దూది ఏకేవాళ్ళని పిలిస్తే, అదే దూది, బరువు గ్రాము కూడా పెరగకుండా మళ్ళీ రెండింతలయ్యేది. ఏకడం అంటే దూదిలోకి గాలిని తిరిగి ఎక్కించడమే. మన సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ మ్యాట్‌ని తనని తాను ఏకుకునే పరుపు అనుకోండి.

ఇది పుట్టింది అమెరికాలోని సియాటిల్‌లో. ఆ ప్రాంతంలో బోయింగ్ ఉద్యోగులు 1967 నాటికి 1,00,000 దాకా ఉండేవాళ్ళు. 1971 వచ్చేసరికి 40,000 కన్నా తక్కువ మిగిలారు. అలా రోడ్డున పడ్డ ఇంజనీర్లలో జిమ్ లీ, నీల్ ఆండర్సన్ ఉన్నారు. తోటపని చేస్తూ మోకాళ్ళ కింద వేసుకున్న ఫోమ్ దిండులోంచి గాలి బయటికి పోవడం జిమ్ లీ గమనించాడు. ఆ గాలి పోకుండా ఫోమ్‌కి గాలి చొరని తొడుగు వేసి, ఓ మూత పెడితే? కొండలెక్కే జాన్ బరోస్‌తో కలిసి 1972లో వాళ్ళు పెట్టిన కంపెనీయే కాస్కేడ్ డిజైన్స్, వాళ్ళ మ్యాట్ పేరు థెర్మరెస్ట్. ఇవాళ అదే ఊళ్ళో లేఆఫ్‌ల టెన్షన్ మధ్య వారాంతాల్లో టెంట్లేసుకునే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ కథ కాస్త ఊరటనివ్వాలి.

గాలి దానంతట అది ఎలా ఎక్కుతుందో తెలియాలంటే గిన్నెలు తోమే స్పాంజి చాలు. నీళ్ళలో ముంచి పిండి వదిలితే నీళ్ళు పీల్చుకుంటుంది. దాని రంధ్రాలు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి తెరుచుకుని ఉంటాయి. మ్యాట్ లోపలి పాలియురెథేన్ ఫోమూ అలాంటిదే. చుట్టి మూత బిగించినప్పుడు అది నొక్కుకుపోయి ఉంటుంది. మూత తియ్యగానే విచ్చుకోవడం మొదలెడుతుంది, లోపల పీడనం కాస్త పడిపోతుంది, బయటి వాతావరణం గాలిని లోపలికి తోస్తుంది. హవాయి చెప్పుల్లో ఉండే ఫోమ్ ఇలా చెయ్యదు. అందులో గాలిబుడగలు దేనికది మూసుకుని ఉంటాయి.

ఇక్కడే చాలామంది మోసపోయామనుకుంటారు. "దానంతట అదే ఉబ్బుతుంది అన్నారు, పడుకుంటే నేల తగులుతోంది" అని. తప్పు మ్యాట్‌ది కాదు, పేరుది. ఫోమ్ తన సహజ మందానికి వచ్చాక ఆగిపోతుంది. అప్పుడు లోపలి పీడనమూ బయటి పీడనమూ సమానం. మన బరువు మొయ్యాలంటే లోపల కాస్త ఎక్కువ కావాలి. ఎంత? 65 కిలోల మనిషి అర చదరపు మీటరు మేర ఆనుకుని పడుకుంటే, వాతావరణ పీడనంలో ఒక శాతం పైచిలుకు ఎక్కువ ఉంటే సరిపోతుంది. నోటితో నాలుగైదు సార్లు ఊదితే వచ్చేస్తుంది. మూత తీసి పది, పదిహేను నిమిషాలు వదిలెయ్యడం, తర్వాత ఊది బిగించడం, పద్ధతి అంతే. కొత్త మ్యాట్ నెలల తరబడి గోడౌన్‌లో చుట్టి ఉంటుంది కాబట్టి మొదటిసారి ఓ రాత్రంతా మూత తీసి పరిచి ఉంచాలి. చలికి ఫోమ్ బిగుసుకుని నెమ్మదిస్తుంది. అందుకని సాయంత్రం ఎండ ఉండగానే పరచడం మంచిది.

ఆ ఒక శాతం లెక్క ఇంకో చిక్కు కూడా విప్పుతుంది. సాయంత్రం 25 డిగ్రీల్లో గట్టిగా ఊదిన మ్యాట్, రాత్రి 10 డిగ్రీలకి పడిపోయేసరికి మెత్తబడుతుంది. గాలి చల్లబడితే ముడుచుకుంటుంది కదా, ఈ తేడాకి అయిదు శాతం ముడుచుకుంటుంది. మనం ఊది పెంచుకున్నది ఒక శాతమైతే పోయింది అయిదు. చిల్లు పడిందేమోనని అర్ధరాత్రి టార్చి వేసి వెతికిన రాత్రి నాకూ ఒకటుంది. పడుకోబోయే ముందు ఇంకో రెండు ఊపిరులు ఊదితే ఆ అవస్థ ఉండదు.

ఇక కొనడం. మందం చూసి కొనేవాళ్ళే ఎక్కువ, దుకాణాలూ అదే పెద్ద అక్షరాలతో రాస్తాయి. నన్నడిగితే ముందు చూడాల్సింది ఆర్ వాల్యూ, అంటే వేడిని ఎంత గట్టిగా ఆపుతుందో చెప్పే అంకె. బరువు తగ్గించడానికి ఫోమ్‌లో అడ్డంగా రంధ్రాలు తొలుస్తారు. దాంతో ఒకే మందం ఉన్న రెండు మ్యాట్ల ఆర్ వాల్యూ వేరుగా ఉండొచ్చు. ఒకప్పుడు ఏ కంపెనీ కొలత దానిది. 2018లో ఏఎస్‌టీఎమ్ అనే ప్రమాణాల సంస్థ నుంచి ఎఫ్3340 అనే ప్రమాణం వచ్చింది. వేడి పలకకీ చల్లటి పలకకీ మధ్య మ్యాట్‌ని ఊది పెట్టి, ఎంత వేడి దాటుతోందో కొలుస్తారు. ఇప్పుడు రెండు బ్రాండ్ల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఆర్ వాల్యూ ఊసే లేని మ్యాట్ కనిపిస్తే నేను ముందుకి జరిగిపోతాను.

ఈ అంకె ఎంత తేడా చేస్తుందో ఓ ముతక లెక్క వేద్దాం. ఆర్ వాల్యూని 0.176తో గుణిస్తే మెట్రిక్ కొలత వస్తుంది. చర్మం 33 డిగ్రీలు, నేల 8 డిగ్రీలు, ఆనుకున్న మేర 0.4 చదరపు మీటర్లు అనుకుందాం. డిగ్రీల తేడాని ఆనుకున్న మేరతో గుణించి, ఆ మెట్రిక్ కొలతతో భాగిస్తే, ఆర్ 1 మ్యాట్ మీద దాదాపు 57 వాట్లు నేలపాలవుతాయి. ఒళ్ళు పుట్టించేదే 70, 80 అన్నామా, అందులో ముప్పాతిక వంతు పోయినట్టే. ఆర్ 4 మీద పోయేది 14 వాట్లు. బట్టలూ, నేల మెల్లగా వేడెక్కడమూ లెక్కలోకి తీసుకుంటే ఈ అంకెలూ, వాటి మధ్య తేడా కూడా తగ్గుతాయి గానీ, ఆర్ 4దే పైచేయి. ఎగస్ట్రా స్వెట్టర్లు మొయ్యడం కన్నా ఇదే మేలు.

లంబసింగి, అరకు చలికాలానికి 2, 3 మధ్య ఉన్నది హాయిగా సరిపోతుంది. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ లాంటి చోట డిసెంబరు, జనవరిలో మంచు మీద టెంటు వేస్తారు. అక్కడికైతే కనీసం 5 కావాలి. అంత ఖరీదైనది కొననక్కర్లేదు. ఆర్ వాల్యూలు కూడుకుంటాయి. మూడున్న మ్యాట్ కింద రెండున్న మడత ఫోమ్ షీటు వేస్తే అయిదు. యోగా మ్యాట్ ఒక్కటే పట్టుకుపోయి కొండ మీద పడుకుంటామనేవాళ్ళకి మాత్రం వంజంగి కథే చెబుతాను. ఇక మే నెలలో గండికోట లాంటి చోట పడుకునేటట్టయితే సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ మ్యాట్ అసలు వద్దు. నేల చల్లదనం ఒంటికి అందనివ్వదు, పైగా చెమటకి అతుక్కుంటుంది.

మందం ఎందుకూ పనికిరాదని కాదు. పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి తుంటి, భుజం దిగబడి నేల తగలకుండా 5 సెంటీమీటర్లయినా ఉండాలి. వెల్లకిలా పడుకునేవాళ్ళకి రెండున్నర చాలు. అలాంటిది అరకిలో పైచిలుకు బరువుంటుంది, సంచిలో పెట్టుకుని నడవచ్చు. పది సెంటీమీటర్లవి రెండు కిలోలు దాటతాయి. కారు డిక్కీలో తప్ప మోసేది కాదు.

వాడకంలో మనకి పెద్ద శత్రువులు ముళ్ళు. గండికోట చుట్టుపక్కల తుమ్మముల్లు, పల్లేరుకాయ లేని చదునైన జాగా దొరకడం కష్టం. టెంటు వెయ్యక ముందే చేత్తో తడిమి ఏరెయ్యాలి. అయినా చిల్లు పడితే సైకిలు ట్యూబుకి చేసినట్టే, ఊది నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడాలి. పంక్చరు షాపులో మాత్రం వేయించొద్దు. ఆ సొల్యూషన్ రబ్బరు కోసం తయారైంది, ఈ నైలాన్ గుడ్డకి సరిగా పట్టదు. మ్యాట్‌తో వచ్చే ప్యాచీలే వాడాలి. ఒక్క ఊరట ఏమిటంటే, ఉత్త గాలి పరుపుకి చిల్లు పడితే నేల మీదే పడుకున్నట్టు. దీనికి చిల్లు పడినా ఫోమ్ కొంతైనా అడ్డం ఉంటుంది.

చిల్లుకి మందుంది గానీ, ఫోమ్ ఊడితే లేదు. పై గుడ్డా కింది గుడ్డా ఫోమ్‌కి పూర్తిగా అతికి ఉంటాయి. ఆ అతుకే లేకపోతే ఊదినప్పుడు మ్యాట్ బల్లపరుపుగా ఉండదు, గొట్టంలా గుండ్రబడుతుంది. ఎక్కడైనా అతుకు వదిలితే అక్కడ పూరీలా పొంగుతుంది, మెల్లగా పొంగు పాకుతుంది. మూత బిగించిన మ్యాట్‌ని ఎండలో వదిలెయ్యడం, మే నెలలో కారులో మరిచిపోవడం, పంపుతో బలవంతంగా నింపడం వల్ల ఇలా అవుతుంది. లోపల చేరిన తేమ కూడా దీనికి తోడు. మన ఊపిరి తడిగా ఉంటుంది, ఆ తడి ఫోమ్‌లో ఉండిపోతే బూజు పడుతుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో అయితే చెప్పక్కర్లేదు. తిరిగొచ్చాక మూత తీసి నాలుగు రోజులు నీడలో ఆరబెట్టాలి.

ఇంట్లో దాచేటప్పుడు చుట్టి పెట్టకూడదు. నెలల పాటు అణిగి ఉన్న ఫోమ్ విచ్చుకునే గుణం పోగొట్టుకుంటుంది, ఆ గుణం కోసమే కదా డబ్బులు పెట్టింది. అటక మీద వేడి, అక్కడా వద్దు. మంచం కిందో, బీరువా వెనకో పరిచి, మూత తీసి ఉంచాలి. మాది మంచం కిందే ఉంటుంది. మూత తెరిచి ఉంటే బల్లులు దూరతాయని మా అమ్మ ఊడ్చినప్పుడల్లా బిగించేస్తుంది. నేను మళ్ళీ వదులు చేస్తాను.