క్లైంబర్ల వేళ్ళ బలం కొలవడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

క్లైంబర్లకు, అంటే రాళ్ళు, గోడలు ఎక్కేవాళ్ళకు, వేళ్ళ బలం టెస్టులు చేయడం నా పని. వచ్చినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "నా గ్రిప్ ఎంత ఉంది?" అని. ఏ పరికరంతో, ఎలా పట్టుకుంటే వచ్చిందో తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు.

అపోహ: చేత్తో పిండే డైనమోమీటర్ ఉంటే చాలు.

వాస్తవం: దాని హ్యాండిల్‌ని అరచేతికి ఆనించి, ఒకవైపు బొటనవేలు, ఇంకోవైపు నాలుగు వేళ్ళు పెట్టి పిండుతాం. సన్నటి రాతి అంచు మీద అరచేయి ఆనదు, బొటనవేలికీ పెద్దగా పని ఉండదు. బరువంతా వేళ్ళ కొసల మీదే. అందుకే ఆరితేరిన క్లైంబర్‌కీ, ఎప్పుడూ క్లైంబింగ్ చేయని బలమైన మనిషికీ ఇందులో దాదాపు ఒకే అంకె రావచ్చు. 20 మిల్లీమీటర్ల అంచును హాఫ్ క్రింప్‌లో (వేళ్ళ నడిమి కీళ్ళను దాదాపు లంబకోణంలో వంచి) పట్టి, లోడ్ సెల్‌తో (లాగే బలాన్ని కొలిచే సెన్సర్‌తో) కొలిస్తే తేడా బయటపడుతుంది. అప్పుడు కూడా ఒంటి బరువుతో పోల్చాలి. 50 కిలోల మనిషి ఒక చేత్తో 40 కిలోలు లాగితే అది ఒంటి బరువులో 80 శాతం. 80 కిలోల మనిషి 50 కిలోలు లాగినా 63 శాతం దాటదు.

అపోహ: ఎక్కువసేపు వేలాడగలిగితే ఎండ్యూరెన్స్ ఎక్కువ ఉన్నట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. దీన్ని నమ్మి నెలల తరబడి తప్పు ట్రైనింగ్ చేసేవాళ్ళున్నారు. అంచుకు వేలాడినప్పుడు ఒకరు తమ గరిష్ఠ బలంలో 60 శాతమే వాడుతుండవచ్చు, ఇంకొకరు 85 శాతం. మొదటివాళ్ళు ఎక్కువసేపు నిలిచారంటే అది చాలావరకు బలంలో తేడానే.

పైగా రూట్ (రాతి మీద ఎక్కే దారి) మీద ఎవరూ ఒకే పట్టున వేలాడరు. పడతారు, వదులుతారు, మళ్ళీ పడతారు. గట్టిగా బిగించినప్పుడు ముంజేతి కండరం తన రక్తనాళాలను తానే నొక్కేస్తుంది. వదిలిన ఆ కాస్త వ్యవధిలోనే రక్తం మళ్ళీ బాగా పారుతుంది. ఆక్సిజన్ ఎంత త్వరగా తిరిగి నిండుతుందన్నదే అక్కడ కీలకం.

అందుకే 7 సెకన్లు లాగి 3 సెకన్లు వదిలే పద్ధతిలో 24 సార్లు, మొత్తం 4 నిమిషాలు చేయిస్తాను. బలం మొదట వేగంగా పడిపోయి, చివరికి ఒక స్థాయిలో నిలుస్తుంది. అది క్రిటికల్ ఫోర్స్. దానికి దిగువన చాలాసేపు కొనసాగవచ్చు, పైన పని చేస్తే పరిమితమైన నిల్వ కరిగిపోతుంది. ప్రతిసారీ పూర్తి బలంతో లాగాలి. చివరికోసం దాచుకుంటే గ్రాఫ్‌లో వెంటనే తెలిసిపోతుంది, టెస్టు పనికిరాదు. ఆఖరి నిమిషం నిజంగా కష్టం. పక్కన నిలబడి హుషారు చేయడం కూడా టెస్టులో భాగమే అంటాను నేను.

అపోహ: పంప్‌కు (ఎక్కుతుండగా ముంజేయి ఉబ్బి బిగుసుకుపోవడానికి) కారణం లాక్టిక్ ఆమ్లం.

వాస్తవం: లాక్టేట్ చెత్త కాదు, శరీరం దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది. అలసటకు ఆక్సిజన్ కొరత, ఫాస్ఫేట్ పేరుకోవడం లాంటి కారణాలు చాలా ఉన్నాయి. ముంజేయి బిగుసుకుపోవడానికి కండరంలోకి చేరే ద్రవం ఒక కారణం.

అపోహ: పోయినసారికంటే 2 శాతం పెరిగితే ట్రైనింగ్ పనిచేసినట్టే.

వాస్తవం: చెమట, గది వేడి, వార్మప్, మోచేతి కోణం, ఏది మారినా అంకె ఆమాత్రం మారుతుంది. అదే అంచు, అదే భంగిమ, అదే వార్మప్ ఉండాలి. ప్రయత్నాల మధ్య రెండు మూడు నిమిషాల విశ్రాంతి ఇవ్వాలి. పట్టు హాఫ్ క్రింప్ నుంచి ఫుల్ క్రింప్‌కు (వేళ్ళను ఇంకా గట్టిగా వంచి, బొటనవేలిని చూపుడువేలి మీద బిగించే పట్టుకు) జారితే ఆ ప్రయత్నాన్ని లెక్కలోకి తీసుకోను. ఫుల్ క్రింప్‌లో వేలి మొదట్లో ఉండే ఏ2 పుల్లీ (స్నాయువును ఎముకకు అంటిపెట్టి ఉంచే పట్టీ) మీద భారం బాగా పెరుగుతుంది. అక్కడ నొప్పి ఉందని చెప్పినవాళ్ళకు ఎంత బతిమాలినా ఆ రోజు టెస్టు చేయను.