పదో తరగతి పిల్లలకి ఉద్యోగ దరఖాస్తు నేర్పడం: అపోహలు, వాస్తవాలు

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలతో బయోడేటా, దరఖాస్తు ఉత్తరం రాయించడం నాకు చాలా ఇష్టమైన పాఠం. దీని గురించి తల్లిదండ్రులు, తోటి టీచర్లు, ఒక్కోసారి పిల్లలే అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: పదిలో దరఖాస్తుతో పనేముంది, డిగ్రీ అయ్యాక చూసుకోవచ్చు.

వాస్తవం: తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ పోస్టుకి కావలసిన చదువు పదో తరగతే. రాతపరీక్ష లేదు, పదో తరగతిలో వచ్చిన మార్కులతోనే మెరిట్ లిస్టు తయారవుతుంది. ఐటీఐలో చాలా ట్రేడ్లకి పదే అర్హత. 14 నిండితే అప్రెంటిస్‌గా చేరడానికి చట్టం ఒప్పుకుంటుంది, ప్రమాదకరమైన పనులకైతే 18 నిండాలి. చదువు మానిపించి పనికి పంపమని నేను అనడం లేదు. పని అవసరమైన రోజున చేతకాక నిలబడకూడదని నా తాపత్రయం.

ఇంకో సంగతి ఉంది. పది మెమోలో పడిన పేరు, పుట్టినతేదీ జీవితాంతం వెంట వస్తాయి. ఆధార్‌లో ‘కె. శ్రావణి’, స్కూలు రికార్డులో పూర్తి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివర. ఇలాంటివి ప్రతి క్లాసులోనూ ఉంటాయి. పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితాలు (నామినల్ రోల్స్) బడి నుంచి పంపేముందు బయోడేటా రాయిస్తే ఈ తేడాలన్నీ బయటపడతాయి, అప్పుడు దిద్దించడం తేలిక. మెమో చేతికొచ్చాక ఆఫీసుల చుట్టూ తిరగాలి.

అపోహ: పరీక్షలో లెటర్‌కి ఫుల్ మార్కులు వచ్చాయంటే రాయడం వచ్చినట్టే.

గైడులో ఉన్న ఉత్తరం బట్టీపట్టి పదిహేనేళ్ల పిల్లాడు ‘నేను బీకాం గ్రాడ్యుయేట్‌ని, రెండేళ్ల అనుభవం ఉంది’ అని రాస్తాడు. పేరు బయటపెట్టకూడదు కాబట్టి సంతకం చోట మూడు ఎక్స్‌లు పెడతాడు. పరీక్షకి అది సరిపోతుంది. అందులో ఆ పిల్లాడు ఎక్కడా లేడు.

అందుకే ఈ పాఠానికి గైడు మూయిస్తాను. బజార్లో షాపు అద్దానికి అంటించిన ‘సేల్స్ గర్ల్స్ కావలెను’ కాగితాన్నో, పేపర్లో వచ్చిన చిన్న ప్రకటననో తెమ్మంటాను. ‘ఆ షాపు ఓనరు నువ్వే అనుకో, వచ్చినవాళ్లని ఏం అడుగుతావు?’ అంటే పిల్లలు టకటకా చెప్తారు: ఏం చదివావు, లెక్కలు వచ్చా, ఇల్లెక్కడ, ఎన్నింటికి రాగలవు. వాటికి జవాబులు రాస్తే సగం ఉత్తరం అయిపోయినట్టే.

అపోహ: అనుభవం లేని పిల్లలు బయోడేటాలో రాయడానికి ఏముంటుంది?

నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇది. పిల్లలు కూడా దీన్ని నమ్మేసి ‘హార్డ్ వర్కింగ్, సిన్సియర్, గుడ్ కమ్యూనికేషన్’ అని ముక్కున పట్టిన మూడు మాటలు రాసి కూర్చుంటారు. అలా రాసిన ఒకమ్మాయిని ‘నిన్న బడి నుంచి ఇంటికెళ్లి ఏం చేశావు?’ అని అడిగాను. ‘ఏం లేదు మేడం. అమ్మ జాకెట్లు కుడుతుంది కదా, నేను హుక్కులు కుట్టా. ఎవరివి ఎవరివో చీటీలు రాసి పెట్టా. ఫోన్‌పేలో డబ్బులు పడ్డాయో లేదో చూశా’ అంది. ఆ ‘ఏం లేదు’ని అక్కడే కూర్చుని ఇద్దరం ఇలా రాశాం:

‘ఇంటివద్ద టైలరింగ్ పనిలో రెండేళ్లుగా సాయం. హుక్కులు, కాజాలు కుట్టడం. ఆర్డర్లు, కొలతలు నోట్‌బుక్‌లో రాయడం. ఫోన్‌లో వచ్చిన చెల్లింపులు సరిచూడటం.’

ఆ మూడు ఇంగ్లిష్ మాటలు కొట్టేయమని చెప్పే పనే లేకపోయింది, తనే కొట్టేసింది. సంతలో నాన్న పక్కన కూర్చుని తూకం వేసేవాళ్లు, పాలకేంద్రంలో లీటర్లు రాసేవాళ్లు, వేసవిలో మిరపకోతకి వెళ్లేవాళ్లు మన క్లాసుల్లోనే ఉంటారు. అది చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. ఆ సిగ్గు పోగొట్టడానికి కామాలు, ఫుల్‌స్టాప్‌ల కంటే ఎక్కువ టైం పడుతుంది. ఆ టైం ఇవ్వాలి. ఒక్కటే షరతు: చేయని పని ఒక్క ముక్క కూడా రాయకూడదు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.

అపోహ: కులం, మతం, ఆధార్ నంబరు, నాన్న జీతం అన్నీ ఉంటేనే బయోడేటా.

పెళ్లిచూపుల కాగితాలు చూసి వచ్చిన అలవాటు ఇది. ప్రైవేటు ఉద్యోగానికి ఇచ్చే బయోడేటాలో వీటితో పనిలేదు. అడగకుండా ఆధార్ నంబరు పదిమంది చేతుల్లో పెట్టడం మంచిది కూడా కాదు. ప్రభుత్వ ఉద్యోగం ఫారంలో రిజర్వేషన్ కోసం కేటగిరీ కాలమ్ ఉంటుంది, అక్కడ రాయాల్సిందే, సర్టిఫికెట్ సిద్ధంగా ఉండాల్సిందే. ఎక్కడ ఏది అడుగుతారో తెలియాలి, అంతే.

అపోహ: ఫోన్‌లో ఏఐని అడిగితే రాసిచ్చేస్తుంది.

హుక్కుల సంగతి దానికి తెలియదు. ముందు పిల్ల తన మాటల్లో రాయాలి. తర్వాత స్పెల్లింగులు చూపించుకోవడానికి వాడితే నాకేమీ అభ్యంతరం లేదు.

అపోహ: ఫారం సంగతి నెట్ సెంటర్ అన్న చూసుకుంటాడు.

అన్న కష్టపడి నింపుతాడు, కాదనను. కానీ తొందరలో తన మెయిల్ ఐడీ, తన ఫోన్ నంబరు ఇచ్చేస్తే ఓటీపీలు, సర్టిఫికెట్ల వెరిఫికేషన్ తేదీ చెప్పే మెసేజ్‌లు అన్నీ ఆయనకే వెళ్తాయి. అభ్యర్థికి తెలిసేసరికి గడువు దాటిపోతుంది. 13 ఏళ్లు నిండిన పిల్లలు సొంత జీమెయిల్ తెరుచుకోవచ్చు. ఐడీలో హీరో పేరు, బిరుదులు వద్దు, తమ పేరు చాలు. పాస్‌వర్డ్ ఇంట్లో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోమంటాను. ఫోన్ నంబరు అమ్మదో నాన్నదో, రీఛార్జి ఆగకుండా ఉండేది ఇవ్వాలి.

సంతకం కూడా నేర్పాలి. చాలామంది పిల్లలు పేరుని క్యాపిటల్ లెటర్స్‌లో రాసి అదే సంతకం అనుకుంటారు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ సంస్థ నోటిఫికేషన్లలో అలాంటి సంతకం చెల్లదని స్పష్టంగా రాసి ఉంటుంది. అందుకే ఒక పీరియడ్ మొత్తం తెల్లకాగితం, నల్ల ఇంకు పెన్ను ఇచ్చి సంతకమే చేయిస్తాను, ప్రతిసారీ ఒకేలా పడేదాకా.