అన్నారంటే అయిపోయినట్టు కాదు: రోజువారీ వార్తల పాడ్‌కాస్ట్‌లో నాకు ఎదురయ్యే అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని బరంపురం నుంచి రోజూ తెలుగులో రాజకీయాలు, విదేశీ వ్యవహారాల మీద పాడ్‌కాస్ట్ చేస్తుంటాను. వినేవాళ్లలో ఎక్కువమంది ఇటు పర్లాకిమిడి, రాయగడ, అటు ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లే. చాలా ఇళ్లల్లో ఒకరు గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి అక్కడ ఎక్కడ క్షిపణి పడినా ఇక్కడ నా ఫోన్ మోగుతుంది.

అపోహ: పెద్ద నాయకుడు ప్రకటించాడంటే, పార్లమెంటు ఓటేసిందంటే ఆ క్షణం నుంచే అమలు.

వాస్తవం: కాదు. జనం జేబులకి చిల్లు పెడుతున్నది ఈ ఒక్క అపోహే. 2025 జూన్ 22న ఇరాన్ పార్లమెంటు, గల్ఫ్ చమురు ఓడలు వెళ్లే హర్మూజ్ జలసంధిని మూసేయాలని తీర్మానించింది. ఆ విషయంలో ఆఖరి మాట పార్లమెంటుది కాదు, అక్కడి జాతీయ భద్రతా మండలిది. కానీ వాట్సాప్‌లో అప్పటికే జలసంధి మూసేశారు, పెట్రోలు అయిపోయింది, గల్ఫ్ ఖాళీ చేయిస్తున్నారు. మర్నాడు రాత్రి ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది, ఖతార్ కొన్ని గంటలు గగనతలం మూసింది, ఇక భయానికి అడ్డే లేదు. సోంపేట వైపు నుంచి ఒకావిడ ఏడుస్తూ ఫోన్ చేశారు: "బాబూ, మావోడు దోహాలో ఉన్నాడు, వడ్డీకి తెచ్చైనా టికెట్ డబ్బులు పంపేస్తాను, వచ్చేయమని చెప్పనా?" కొడుక్కి రెండు నెలల జీతం రావాలి, కాంట్రాక్టు ఇంకా మిగిలి ఉంది. అమ్మా, వాణ్ణి గదిలోనే ఉండమనండి, మన ఎంబసీ ఏం చెబితే అది చేయమనండి, అప్పు మాత్రం ఇవాళ చేయకండి అన్నాను. 24న కాల్పుల విరమణ వచ్చింది. ఆ జూన్‌లో జలసంధి మూతపడలేదు. ఆ తల్లి భయాన్ని నేను తప్పు పట్టను, కన్నబిడ్డ అక్కడుంటే ఎవరికైనా టెన్షనే. పాత వీడియోకి కొత్త తేదీ తగిలించి పంపినవాళ్ల మీదే నా కోపం.

అదే ఏడాది సెప్టెంబర్ 19న అమెరికా ఉద్యోగ వీసా హెచ్1బీకి ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము సంగతి చూడండి. అమెరికా వాణిజ్య మంత్రి మైకు ముందు అది ఏటా కట్టాలన్నారు. సెలవుకి ఇంటికొచ్చినవాళ్లు టికెట్ ఎంతైతే అంత పెట్టి పరుగెత్తారు. మర్నాడు వైట్‌హౌస్ వివరణ ఇచ్చింది: ఒక్కసారే కట్టాలి, కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకి కాదు. అందుకే ఏ వార్త వచ్చినా నేను ముందు వెతికేది మూడు: అన్నవాళ్లకి ఆ అధికారం ఉందా, రాతపూర్వకంగా వచ్చిందా, ఏ తేదీ నుంచి, ఎవరికి. ఈ మూడూ దొరక్కపోతే ఆ రోజు ఎపిసోడ్‌లో 'అన్నారు' అనే చెబుతాను, 'చేశారు' అనను.

అపోహ: లోక్‌సభలో బిల్లు పాసైతే చట్టమైపోయినట్టే. రాజ్యసభ, రాష్ట్రపతి సంతకం, నోటిఫికేషన్, నిబంధనలు ఇంకా ఉంటాయి. పౌరసత్వ సవరణ చట్టం (సీఏఏ) 2019 డిసెంబర్‌లో పాసైంది, నిబంధనలు వచ్చింది 2024 మార్చిలో.

అపోహ: ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానిస్తే యుద్ధం ఆగాల్సిందే. దానికి ఆ బలం లేదు. భద్రతా మండలికి ఉంది, కానీ అక్కడ అయిదు దేశాలకి వీటో ఉంది.

అపోహ: ఆంధ్ర, ఒడిశా రెండూ మావేనంటున్న కొటియా ఊళ్లు ఫలానా రాష్ట్రానికి ఇచ్చేశారట. ఏ మంత్రి మాటతోనూ సరిహద్దు మారదు, రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టం చేయాలి.

ఇంకోటి, నాకేదో లోపలి సమాచారం ఉంటుందనుకుని వీసా ఏజెంట్ల గురించి అడుగుతారు. నాకు తెలిసింది అందరికీ తెలియాల్సిందే: రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోండి. విజిట్ వీసా మీద పనికి పంపుతానంటే లేచి వచ్చేయండి. అక్కడికి వెళ్లాక జీతం ఆపినా, పాస్‌పోర్ట్ లాక్కున్నా విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. రాయడం రాకపోతే నాకు ఫోన్ చేయండి, కలిసి నింపుదాం.